పిట్ట ముట్టని ఏడాది

మా పెద్దమ్మ ఏడాది పాటు అన్నం ముట్టలేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ నేను కళ్లారా చూశాను. పొద్దున గ్లాసెడు జొన్నజావ, మాపటికి రెండు అరటిపండ్లు, అంతే. మిర్యాలగూడలో సొంత రైసు మిల్లు ఉన్న ఇంట్లో ఒక మనిషి మెతుకు నోట్లో పెట్టకుండా ఎండిపోతూ ఉంది. కారణం ఒక కాకి.

ఆమె మా అమ్మకు అక్క. ఇల్లు కోదాడలో. ఆమెకు ఒక్కతే కూతురు. నాకంటే మూడేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆ ఏడాదికి మొదలు, ఎండాకాలంలో, తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. పెళ్లికాని పిల్ల కాబట్టి పెద్ద కర్మలేవీ చేయలేదు. మూడోనాడు పిట్టకు మాత్రం పెట్టారు. మా వైపు అది తప్పదు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో వడ్డించి, గోడ మీద ఉంచి అందరూ దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ తమ్ముణ్ణి చదివిస్తాం, నీ బిడ్డకు పెళ్లి చేస్తాం అని పైకే మాటిస్తారు. ఏదో ఒక మాటకు కాకి దిగుతుంది.

అక్కకు దిగలేదు. కాకి వచ్చింది, గోడ మీద కూర్చుంది, విస్తరి వైపు చూసింది, చూస్తూ కూర్చునే ఉంది. ఎవరు ఏ మాట ఇచ్చినా కదల్లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక అయ్యగారు దర్భతో చిన్న కాకిని చేసి, దాన్ని అన్నానికి తాకించి, ఇగ అయిపోయిందన్నాడు. అందరూ స్నానాలు చేసి భోజనాలకు కూర్చున్నారు. పెద్దమ్మ మాత్రం "గడ్డి ముడితే నా బిడ్డ ముట్టినట్టా?" అని లేచిపోయింది. పిట్ట ముట్టేదాకా తాను అన్నం ముట్టనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ప్రతి నెలా ఆ తిథికి వండి గోడ మీద పెట్టేది. ప్రతి నెలా కాకి వచ్చి, కూర్చుని, ముట్టకుండా వెళ్లిపోయేది.

మాది సూర్యాపేట. నాయినకు మార్కెట్లో ధాన్యం దుకాణం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మా వైపు పొలాలకు ఎక్కిన కొత్త రోజులవి. ఊళ్లో అందరి మాటలూ వడ్ల మీదే ఉండేవి. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో హాయిగా పడి నిద్రపోదామనుకుంటే, అమ్మ నా బట్టలు సంచిలో పెట్టింది.

"పెద్దమ్మ తాన ఉండిరా. పదకొండు నెల్లైంది, మనిషి పుల్లైంది. ఏడాది తిథి దాకైనా బతికుంటదో లేదో. ఎట్లన్న జేసి ఇంత అన్నం తినిపియ్యి."

పెద్దవాళ్లంతా చేతులెత్తేసిన పని నాకు అప్పగించారని నాకు ఒళ్లు మండింది. కాకిని నమ్ముకుని ఎవరైనా చస్తారా అని బస్సులో దారంతా గొణుక్కుంటూ పోయాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాకు తెలియనిదంటూ లేదనుకునే వయసు.

కోదాడ ఇల్లు పెద్దది. పెద్దనాయిన వారంలో ఐదు రోజులు మిర్యాలగూడ మిల్లులోనే ఉండేవాడు. పని ఎక్కువని చెప్పేవాడు గానీ, ఆ ఇంటికి రావడానికి భయపడుతున్నాడని నాకు ఒక్కరోజులోనే అర్థమైంది. ఆ ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. పెద్దమ్మ నడిస్తే అడుగు వినిపించేది కాదు. నేను పుస్తకం చదువుకుంటూ తలెత్తితే గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ ఉండేది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలిసేది కాదు. నాకూ అక్కకూ ముఖంలో పోలిక ఉందని అందరూ అనేవాళ్లు. ఆ చూపు నన్ను కాదని, ఆ పోలికను చూస్తోందని తెలిసి నేను పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

నాలుగు రోజులకే ఆ ఇంట్లో ఊపిరాడలేదు. వీధి చివర, ఊరు దాటే చోట, ఒక మిషన్ ఉండేది. చిన్న దవాఖాన, ఆడపిల్లల హాస్టల్, చుట్టూ వేప చెట్లు. ఇటలీ దేశపు సిస్టరు ఒకావిడ ఎండాకాలం సెలవుల్లో ఊరి ఆడపిల్లలకు కుట్టుపనీ, తమ దేశపు వంటా నేర్పుతుందని పక్కింటావిడ చెప్పింది. వంట అంటే పెద్దమ్మ పంపదు. మేం కోమట్లం, మిషన్ వంటింట్లో ఏం వండుతారో ఏమో. అందుకని కుట్టుపని నేర్చుకుంటానని చెప్పాను.

పెద్దమ్మ కాసేపు నా ముఖంలోకి చూసింది. "అదీ గిట్లనే చెప్పింది," అన్నది. "పో" అని కూడా అన్నది. నాకు ఆ రెండు మాటలకూ సంబంధం అర్థం కాలేదు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. పొడుగాటి వంటగది, మధ్యలో రాతి బల్ల. మోతె వైపు పల్లెల నుంచి ఆ ఏడే హాస్టల్‌కు వచ్చిన నలుగురు అమ్మాయిలు దాని చుట్టూ నిలబడి ఉన్నారు. సిస్టరు లావుపాటి కళ్లద్దాల మనిషి. నన్ను చూడగానే చేతిలో పిండి డబ్బా బల్ల మీద పెట్టేసి గబగబా వచ్చింది.

"నీవు మరల వచ్చితివి! నేను నీ కొరకు కనిపెట్టుకొని యుంటిని!"

ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. మామూలుగా అయితే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. కానీ ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి, కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూసింది. బొటనవేలితో మధ్యలో నొక్కింది.

"మానిపోయినది," అంది. "మచ్చ కూడా లేదు. దేవునికి స్తోత్రము."

ఆమె గోడకున్న మేకు నుంచి ఏప్రన్ తీసి నా మెడలో వేసింది. దాని మీద పిండి చేతుల గుర్తులు పాతవి, ఉతికినా పోనివి, నా చేతులంతే ఉన్నాయి. అక్క ఇక్కడికి వచ్చేదన్నమాట. నేను అక్కననుకుంటోంది ఈవిడ. తర్వాత మాటల్లో తెలిసింది, పోయినేడు క్లాసు ముగిసిన మర్నాడే ఆమె సొంత దేశం వెళ్లి, తల్లికి జబ్బుగా ఉంటే అక్కడే ఉండిపోయి, ఈ ఎండాకాలం మొదట్లో తిరిగొచ్చిందట. అక్క పోయిన సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? మనకు తెల్ల దొరసానులంతా ఒక్కలాగే కనిపించినట్టు ఆమెకు మేమూ కనిపించి ఉంటాం.

కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. భయపడి చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజం వేరు. ఆ చేతికి ఏమైందో తెలుసుకోవాలనిపించింది. నేను అక్కగా ఉంటేనే ఆవిడ చెబుతుంది.

ఆ రోజు తొర్తెల్లి అనే వంటకం. రాతిబల్ల మీద పిండి కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, అందులో గుడ్లు కొట్టిపోశారు. నా జీవితంలో గుడ్డు ముట్టుకోవడం అదే మొదలు. పసుపుపచ్చటి సొన వేళ్ల మధ్య జారుతుంటే చేతులు వెనక్కి లాక్కున్నాను. "అరచేతి మడమతో నెట్టుము," అంటూ సిస్టరు నా చేతుల మీద తన చేతులు పెట్టి పిసికించింది. పావుగంటకు ఆ జిగట ముద్ద చెవి తమ్మెలా మెత్తబడింది. అప్పుడు నాకు అసహ్యం పోయి సంబరం వచ్చింది, దాచుకోవడమెందుకు. పల్చగా ఒత్తి, గుండ్రంగా కోసి, మధ్యలో ఉడికించిన తీపి గుమ్మడికాయ ముద్ద పెట్టాలి. ఆ ముద్దలోకి గుడ్డలో కట్టి పిండిన పెరుగు, కాస్త జాజికాయ. వాళ్ల దేశపు ఆకేదో ఇక్కడ దొరకదని ఆవిడ కరివేపాకు నేతిలో వేయించి పైన పోసేది.

ముద్ద పెట్టి సగానికి మడిచి అంచు నొక్కాలి. అంచు ఎలా నొక్కాలో సిస్టరు చూపించబోయేలోపే నా వేళ్లు పని కానిచ్చేశాయి. మూడు చిన్న మడతలు, నాలుగోది వెనక్కి తిప్పి అదమడం. మా అమ్మమ్మ గరిజెల, అదే కజ్జికాయల, అంచు అలాగే మడిచేది. ఆమె దగ్గరే నేనూ నేర్చుకున్నాను, అక్కా నేర్చుకుంది. దానికింత ఆశ్చర్యమెందుకు అనుకోండి. కానీ సిస్టరు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఈ మడత నీవు తప్ప ఎవరూ చేయరు. నీవు మరువలేదు," అన్నప్పుడు, బల్ల మీద ఉన్నవి నా చేతులు కావేమో అనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చే ముందు బూడిదతో, చింతపండుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏదీ, చెయ్యి," అంది. నా కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గుడ్డు వాసన అంత తేలికగా పోదు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె మాత్రం నా అరచేతి మధ్యలో బొటనవేలితో మెల్లగా రాస్తూ చాలాసేపు నిలబడింది.

రోజూ ఇదే. రోజూ వెళ్లడం, రోజూ ఆ చెయ్యి చూపించడం. ఏడో రోజో ఎనిమిదో రోజో ధైర్యం చేసి సిస్టరును అడిగాను.

"నా చెయ్యి కాలినప్పుడు నేను మీకేం చెప్పిన, సిస్టర్?"

ఆమె నవ్వింది. "పొయ్యి తగిలెనని చెప్పితివి. కానీ పొయ్యి అట్లు గుండ్రముగా కాల్చదు. ఆ దినమున నీవు ఎడమ చేతితో పని చేసితివి. ఒక కన్నీటి బొట్టు కూడా లేదు. మరునాడు రాలేదు."

గుండ్రంగా. పెద్దమ్మ పొయ్యి పక్కన ఇనుప గంటె ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. తప్పు చేసిన పిల్లలకు వాత పెట్టడం ఆ రోజుల్లో ఇళ్లల్లో ఉన్నదే. నాకు ఆ క్షణంలో పెద్దమ్మ మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. రోజూ నా అరచేతిలో ఆమె వెతుకుతున్నదేమిటో తెలిసిపోయింది.

ఇక ఆ అబద్ధం మోయలేక అప్పుడే సిస్టరుకు చెప్పేశాను, నేను అక్కను కాదని, ఆమె చెల్లెల్నని, ఆమె పోయి ఏడాది కావొస్తోందని. సిస్టరు ముక్కాలి పీట మీద కూలబడింది. కళ్లద్దాలు తీసి, అవి లేకుండానే నా వైపు చూసింది. "ఇన్ని దినములు నేను ఎవరితో మాటలాడితిని?" అంది. వెళ్లేటప్పుడు ఒక కాగితంలో పిండి, నాలుగు గుడ్లు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. అక్కకు ఆ వంటకం ప్రాణమట.

మర్నాడే ఏడాది తిథి. ఇంటికి రాగానే, పెద్దమ్మ చెయ్యి అడిగేలోపే అరచెయ్యి ఆమె ముఖం ముందు పెట్టాను.

"గీడనే గదా పెద్దమ్మా, గంటె పెట్టింది?"

ఆమె గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఒకనాడు ఆకుల సుట్టుకొని తెచ్చింది. అమ్మా తినే, నేను జేసిన అన్నది. గరిజెల్లెక్క ఉన్నయి. తిన్న. కమ్మగున్నయి. ఇంకోటి గూడ తిన్న. మంచిగున్నయే, ఎట్ల జేసినవంటే, పిండిల గుడ్డు కలిపిన అన్నది. నవ్వుకుంటనే అన్నది, బిడ్డా." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేం పుట్టిందో. గుడ్డు తిన్నందుకు గాదు, బాగున్నదని మల్లొకటి అడిగి తిన్నందుకు. గంటె పొయ్యిల ఉండె. ఈ చేత్తోని ఇగ నా వంటింట్ల దేన్నీ ముట్టకు, వంటింటి కడప ఎక్కకు అన్న. నా మీద ఒట్టేయించుకున్న. మల్లొక వారానికే జ్వరమొచ్చె. నాలిక ఎండిపోయినా తనంత తాను బిందెల నీళ్లు ముంచుకోలె. నేను లేసి పోసిందాక గట్లనే కూసున్నది."

కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం. చివరికి నేను పొట్లం విప్పి చూపించి, "రేపు గివే చేసి పెడదాం, పెద్దమ్మా. గివే అడుగుతుందేమో అక్క," అన్నాను. కాకిని నమ్మని దాన్ని, నేనే అన్నాను. గుడ్ల వైపు చూసి ఆమె తల ఊపింది.

పొద్దున్నే పెద్దనాయిన మిర్యాలగూడ నుంచి వచ్చాడు. వెనక వాకిట్లో రాళ్ల పొయ్యి పెట్టి నేను గుడ్లు కొడుతుంటే చూసి, ముఖం తిప్పుకుని విస్తరి కుట్టడానికి కూర్చున్నాడు. పెద్దమ్మ స్నానం చేసి, వంటింట్లో పొయ్యి మీద తెల్లన్నం, పప్పు, పులిహోర వండింది. నేను పన్నెండు తొర్తెల్లి చేశాను, మూడు మడతలు, నాలుగోది వెనక్కి. అన్నీ విస్తట్లో పెట్టి వెనక గోడ మీద ఉంచాం. వంటింటి తలుపు సరిగ్గా ఆ గోడకెదురుగా ఉంటుంది. ముగ్గురం తలుపు పక్కన నిలబడ్డాం.

పిలవకుండానే వచ్చింది. ఒక్కటే. మామూలుగా కాకి వచ్చిందంటే ఊరంతా వినిపించేలా అరుస్తుంది, తోటివాటిని పిలుస్తుంది. ఇది అరవలేదు. విస్తరికి జానెడు దూరంలో, కుడికాలు పొట్టలోకి ముడుచుకుని, ఒంటికాలి మీద నిలబడింది. కాకులు అలా నిలబడతాయి, నాకు తెలుసు. అయినా పెద్దమ్మ నా భుజం మీద వేసిన చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. కాకి తల పక్కకు తిప్పి నా తొర్తెల్లి వైపు చూసింది. నావైపు చూసింది. ముట్టలేదు.

పెద్దనాయిన మొదలుపెట్టాడు. "నీ పేరు మీద బీదపిల్లలకు బట్టలు పెడత, బిడ్డా." కాకి కదల్లేదు. "మిల్లు కాడ సలివేంద్రం పెట్టిస్త." కదల్లేదు. నేను ముందుకెళ్లి, సిస్టరు దగ్గర నీ ఏప్రన్ నేనే కట్టుకున్నా, తప్పయింది అక్కా అన్నాను. నెయ్యి పేరుకుపోయింది. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది. గాలి లేదు, ఆకు కదల్లేదు, వీధిలో బండి చప్పుడు కూడా లేదు. ఆ కాకి రెప్ప వేస్తోందా లేదా అని చూస్తూ చూస్తూ నాకు కళ్లు తిరిగాయి. గుడ్లు, గుమ్మడికాయ, నా పదిరోజుల తెలివితేటలు, అన్నీ దండగయ్యాయి. ఈ మనిషి ఇక అన్నం తినదు, ఈ ఎండాకాలం దాటదు. నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు పెద్దమ్మ, ఎవరితోనో మామూలుగా మాట్లాడినట్టు, అంది:

"అది అలగలే."

పెద్దనాయిన ఆమె వైపు తిరిగాడు.

"ఏడాది సంది అలిగిందనుకుంటున్న. కోరికేందో అనుకుంటున్న. దానికి కోపం లేదు. ముట్టొద్దన్న గదా నేను? నా మాట ఇంటున్నది." ఆమె కాకి మీంచి చూపు తిప్పలేదు. "ఏడాది సంది, ఆకలైతున్నా, నా మాటే ఇంటున్నది."

నా పక్క నుంచి కదిలి వంటింటి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. గడపకు ఒక పక్కగా జరిగి దారి ఇచ్చింది.

"ఒట్టు తీసేసిన, బిడ్డా. రా. లోపటికి రా. అన్ని ముట్టు."

కాకి ముడుచుకున్న కాలు దించింది. గోడ మీంచి వాకిట్లోకి దూకింది. విస్తరిని దాటేసింది. వెనక్కి కూడా చూడలేదు. మా ముగ్గురి కాళ్ల ముందు నుంచి, మనుషులున్నారన్న బెదురు లేకుండా, గెంతుతూ గెంతుతూ గడప మీదికి ఎక్కి లోపలికి పోయింది. కాకి ఇల్లు చొరబడితే ఆ ఇంటికి అరిష్టమని, ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లు కూడా ఉంటారు మా వైపు. పెద్దనాయిన మూలనున్న కర్ర అందుకున్నాడు. పెద్దమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. పుల్లలాంటి ఆ చేతికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో, కర్ర కింద పడింది.

"ఆగుండ్రి. దాని ఇల్లే."

లోపల అది పొయ్యి గట్టెక్కింది. ముక్కుతో ఉప్పు కుండను టక్కుమని తాకింది. పప్పు గిన్నె అంచు తాకింది. నీళ్ల బిందె తాకింది, అక్కడ కాసేపు ఆగి, వంగి నీళ్లు తాగింది. తర్వాత మూత తీసి ఉన్న అన్నం గిన్నెలో ముక్కు పెట్టి, నాలుగు మెతుకులు తీసుకుని మింగింది. వచ్చిన దారినే బయటికి వచ్చి ఎగిరిపోయింది. అప్పుడు అరిచింది, ఒక్కసారి.

పెద్దమ్మే ముందు కదిలింది. ఎంగిలి సోకితే గిన్నెలన్నీ చింతపండు పెట్టి తోమే మనిషి, పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని, ఆ కాకి మూతి పెట్టిన చోటి నుంచే పిడికెడు అన్నం తీసుకుని తినడం మొదలుపెట్టింది.